బెంజీన్‌లో డబుల్ బాండ్లు ఏ పక్కనుంటాయి మామా?

మా మేనకోడలు ఇంటర్ ఫస్టియర్. సంక్రాంతి సెలవులకు కందుకూరు వచ్చి, ముగ్గులూ అరిసెలూ అన్నీ అయిపోయాక ఒక సాయంత్రం కెమిస్ట్రీ నోట్సు పట్టుకుని నా ముందు కూర్చుంది. ఒకే పేజీలో మూడు షట్కోణాలు. మొదటిదాంట్లో డబుల్ బాండ్లు, అంటే రెండు కార్బన్ల మధ్య గీసే జంట గీతలు, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి, రెండోదాంట్లో అవే డబుల్ బాండ్లు ఒక్కో భుజం పక్కకు జరిగాయి, మూడోదాంట్లో డబుల్ బాండ్లే లేవు, మధ్యలో ఒక సున్నా చుట్టి ఉంది. "ఇవి మూడూ బెంజీనేనంట మామా. ఏది కరెక్టని అడిగితే ఏది వేసినా మార్కులేస్తారులే అన్నారు. ఒకే వస్తువుకు మూడు బొమ్మలేంది? ఇంతకీ డబుల్ బాండ్లు ఏ పక్కనుంటాయి?"

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కొన్నేళ్లు ట్యూషన్లు చెప్పి, ఇప్పుడు ఆ చదువుతో సంబంధం లేని పని చేసుకుంటున్నవాణ్ణి. అయినా ఈ ప్రశ్న వింటే కూర్చోబుద్ధి కాదు. ఎందుకంటే నేనూ ఇదే అడిగాను, "రెజొనెన్స్ రా, రాసుకో" అన్నారు, రాసుకున్నాను, డిగ్రీ రెండో ఏడాది దాకా బెంజీన్ అంటే ఫ్యాను రెక్కల్లాగా తన డబుల్ బాండ్లను గిరగిరా తిప్పుకుంటూ ఉండే వస్తువని నమ్ముతూ వచ్చాను. అది శుద్ధ తప్పు. బెంజీన్‌లో డబుల్ బాండ్లు అటూ ఇటూ ఊగడం లేదు, అసలు అందులో డబుల్ బాండ్లే లేవు. ఊగేదల్లా మన పెన్సిలే. పిల్లకు అదే చెప్పాను, "మూడూ కరెక్టు కాదే, ఒక రకంగా మూడూ తప్పే" అని. ఇక ఆ రాత్రి భోజనాలు లేటయ్యాయి.

ముందు పేరు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మన ఇంట్లోనే ఉంది. ఆ రోజు శుక్రవారం, అమ్మ దేవుడి దగ్గర సాంబ్రాణి వేసింది, ఇల్లంతా పొగ. బెంజీన్ అనే పేరు ఈ సాంబ్రాణి నుంచే పుట్టిందంటే పిల్ల నమ్మలేదు. జావా, సుమత్రా వైపు చెట్ల నుంచి కారే ఈ బంకను అరబ్బు వర్తకులు లుబాన్ జావీ అన్నారు, అంటే జావా ధూపం. యూరప్ వాళ్ల నోట్లో పడి అది నలిగి నలిగి బెంజోయిన్ అయింది, అందులోంచి తీసిన ఆమ్లం బెంజోయిక్ ఆమ్లం అయింది, 1833లో జర్మనీలో మిచర్‌లిఖ్ అనే ఆయన ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడి చేస్తే వచ్చిన ద్రవానికి బెంజిన్ అని పేరు పెట్టాడు. మంచి వాసనగల పదార్థాలతో ఇట్లా చుట్టరికం ఉండబట్టే ఈ కుటుంబం మొత్తానికి ఆరోమాటిక్ అనే పేరు అంటుకుంది. ఇప్పుడు ఆ మాటకు వాసనతో పనే లేదు, ఏ వాసనా లేని ఆరోమాటిక్‌లు కావలసినన్ని ఉన్నాయి. పేరు పెట్టింది మిచర్‌లిఖ్ అయినా ద్రవాన్ని మొదట పట్టుకున్నది మాత్రం మైకేల్ ఫారడే, 1825లో. అప్పట్లో లండన్‌లో నూనెల్ని కాల్చి తీసిన గ్యాసును సిలిండర్లలో బిగించి దీపాలకు అమ్మేవాళ్లు, ఆ ఒత్తిడికి అడుగున ఒక జిడ్డు ద్రవం దిగేది. ఆ జిడ్డును వేరుచేసి, మంచులో పెట్టి గడ్డకట్టించి, అందులో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమేనని తేల్చాడు. బెంజీన్ 5.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా చాలు. పెట్టకండి.

ఫార్ములా సి6హెచ్6. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఆరు కార్బన్లు వరసగా చేయీ చేయీ పట్టుకుంటే, అంటే హెక్సేన్‌లో, వాటికి 14 హైడ్రోజన్లు పడతాయి. ఇక్కడ ఉన్నవి ఆరే, ఎనిమిది తక్కువ. ఇంత కరువులో ఉన్న అణువు దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకోవాలి, బ్రోమిన్ చూపిస్తే ఎగబడి కలుపుకోవాలి. డబుల్ బాండ్ ఉన్న ఏ ఆల్కీన్ అయినా చేసేది అదే. బ్రోమిన్ నీళ్ల నారింజ రంగు క్షణాల్లో మాయం. బెంజీన్ మాత్రం కదలదు, మెదలదు.

దీని మీద నా సొంత పరువు పోయిన సంగతి ఒకటి ఉంది. డిగ్రీ ల్యాబులో బెంజీన్ ఉన్న టెస్ట్ ట్యూబులో బ్రోమిన్ నీళ్లు పోసి, బిరడా పెట్టి బాగా కుదిపి చూస్తే అడుగున నీళ్లు తెల్లబడిపోయాయి. "రంగు పోయింది సార్" అని గట్టిగా అరిచాను. సార్ వచ్చి ట్యూబును వెలుగుకు పెట్టి, "పైన చూడరా" అన్నారు. పైన రెండు వేళ్ల మందాన బెంజీన్ పొర, చిక్కటి నారింజ రంగులో. బెంజీన్ నీళ్లకంటే తేలిక, పైన తేలుతుంది. బ్రోమిన్‌కు నీళ్లకంటే బెంజీన్‌లో కరగడం ఇష్టం. అంటే రంగు పోలేదు, ఇల్లు మారింది. రియాక్షన్ లేదు గియాక్షన్ లేదు. ఇప్పటి పిల్లలకు ఈ ముచ్చట చూపించాలంటే టొల్యూన్‌తో చూపించడం మేలు, ఎందుకంటే బెంజీన్ రక్త కేన్సర్ తెచ్చే పదార్థమని రుజువైంది. పెట్రోలులో కూడా అది 1 శాతం మించకూడదని మన దేశపు ఇంధన, వాహన కాలుష్య ప్రమాణం బీఎస్ 6 చెబుతుంది. మేము ఆ రోజుల్లో పిపెట్‌తో నోటితో పీల్చినవాళ్లం, తలుచుకుంటే ఇప్పుడు టెన్షన్ వస్తుంది.

సరే, ఇంత కరువులో ఉండి ఇంత నిమ్మళంగా ఎట్టా ఉంది? 1865లో కెకూలె అనే జర్మన్ కెమిస్టు ఒక మాట అన్నాడు, ఈ ఆరు కార్బన్లు గొలుసు కాదు, ఉంగరం అని. నిద్రలో పాము తన తోకను తానే కరుచుకున్నట్టు కనబడిందనే కథ అందరికీ తెలుసు. నాకైతే ఆ పాము మీద పెద్ద నమ్మకం లేదు. ఆ కల సంగతి ఆయన బయటపెట్టింది పాతికేళ్లు గడిచాక, 1890లో, బెర్లిన్‌లో తనకు చేసిన సన్మాన సభలో. పైగా 1861లోనే లోష్మిట్ అనే ఆస్ట్రియా ఆయన తన బొమ్మల్లో బెంజీన్ భాగాన్ని ఒక పెద్ద సున్నాగా గీసి పెట్టుకున్నాడు. కల వచ్చిందో లేదో గానీ కెకూలె ఉంగరంలో గట్టి విషయం ఉంది. బెంజీన్‌లో ఒక్క హైడ్రోజన్ తీసి బ్రోమిన్ పెడితే ఒకే ఒక్క పదార్థం రావాలి, రెండు పెడితే మూడు రకాలు రావాలి అని అది చెప్పింది. పక్కపక్కన, ఒకటి విడిచి, ఎదురెదురుగా. పిల్లలు ఆర్థో, మెటా, పారా అని బట్టీ పట్టేది వీటినే. ఎంత వెతికినా నాలుగోది దొరకలేదు.

కానీ కార్బన్‌కు నాలుగు చేతులుండాలి కదా, అందుకని ఆయన ఉంగరంలో ఒకటి విడిచి ఒకటి డబుల్ బాండ్లు పెట్టాడు. గొడవ అక్కడే. అది మాటల్లో చెబితే పిల్లకు ఎక్కలేదు, నాకూ చెప్పడం చేతకాలేదు. చివరికి గుగ్గిళ్ల కోసం అమ్మ నానబోసిన శనగలు గుప్పెడు, పొరకలోంచి కొబ్బరి ఈనెలు ఓ పది లాక్కుని మిద్దె మీదకు పోయాం. "పండగ పూట పొరక విరుస్తుండారేందిరా" అని కింద నుంచి కేక.

లెక్క సులువే. పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు, అట్లాంటి ఒక్కోదానికి ఒక మిల్లీమీటరు అనుకున్నాం. మామూలు కార్బన్-కార్బన్ సింగిల్ బాండ్ పొడవు 154 పికోమీటర్లు, అంటే ఈనె 15.4 సెంటీమీటర్లు. డబుల్ బాండ్ 134, అంటే 13.4. స్కేలు పెట్టి మూడు పొడుగువి, మూడు పొట్టివి విరిచి, ఒకటి విడిచి ఒకటి శనగల్లో గుచ్చి నేల మీద పరిచాం. షట్కోణమైతే వచ్చింది గానీ ఒంకర, చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు రెండు ఎండుమిరపకాయలు తెచ్చి వాటిని బ్రోమిన్లు అనుకోమన్నాను. పక్కపక్క శనగల దగ్గర పెట్టాలి. "పొట్టి పుల్లకు రెండు కొసలా పెట్టాలా, పొడుగు పుల్లకా?" అంది. అదే కదా ప్రశ్న. రెండూ చేసి చూడమంటే రెండో ఉంగరం కూడా కట్టి పక్కన పెట్టుకుని, తిప్పి, బోర్లించి, మళ్లీ తిప్పి, "దీన్నెట్టా తిప్పినా అదవ్వదు మామా" అని తేల్చింది. అంటే కెకూలె బొమ్మ నిజమైతే పక్కపక్కన బ్రోమిన్లున్న బెంజీన్ రెండు రకాలు దొరకాలి. దొరికేది ఒక్కటే. 1869లో లాడెన్‌బుర్గ్ సరిగ్గా ఇదే తప్పు పట్టి, ఉంగరమే కాదు పొమ్మని పట్టకం ఆకారంలో వేరే బొమ్మ ఇచ్చాడు. ఆ పట్టకం అణువును 1973లో నిజంగానే తయారుచేశారు, అయితే అది బెంజీన్ కాదు, వేరే పదార్థం.

లాడెన్‌బుర్గ్‌కు జవాబుగా 1872లో కెకూలె చెప్పిందే నా ఫ్యాను రెక్కల కథకు మూలం. డబుల్ బాండ్లు ఒకచోట నిలవవు, ఈ బొమ్మ ఆ బొమ్మగా, ఆ బొమ్మ ఈ బొమ్మగా ఎడతెగకుండా మారుతూ ఉంటాయి, అందుకే రెండు రకాల్ని విడదీయలేం అన్నాడు. వినడానికి బాగుంది, అందుకే నూటయాభై ఏళ్లయినా పిల్లల బుర్రల్లోంచి పోలేదు.

1929లో ఇంగ్లండ్‌లో కాథ్లీన్ లాన్స్‌డేల్ అనే ఆమె హెక్సామిథైల్ బెంజీన్ స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు వేసి చూసింది. ఉంగరం బల్లపరుపుగా ఉంది, ఆరు భుజాలూ సమానం. ఇప్పటి కొలతల్లో బెంజీన్‌లో ప్రతి కార్బన్-కార్బన్ బంధమూ 139 పికోమీటర్లు. పొడుగూ లేదు, పొట్టీ లేదు. ఇక్కడ మా పిల్ల మంచి ప్రశ్న వేసింది, ఇది నాకు క్లాసులో ఎవరూ వేయలేదు. "సగం సింగిల్, సగం డబుల్ అయితే 154కీ 134కీ మధ్య 144 రావాలి కదా, 139 ఏంది?" నిజమే. సంగతేమిటంటే 154 అనేది ఈథేన్ లాంటి చోట్ల నాలుగు వైపులా చేతులు చాచిన కార్బన్ల లెక్క. బెంజీన్‌లో కార్బన్లు మూడు వైపులకే చేతులు చాస్తాయి, ఆ రకం కార్బన్ల మధ్య సింగిల్ బాండ్ అసలే పొట్టి, 148 దాకా ఉంటుంది. అప్పుడు సగం లెక్క 141 దగ్గరికి వస్తుంది. మిగిలిన ఆ రెండు పికోమీటర్లూ, ఈ బంధాన్ని సగం అనడం కూడా మన సౌకర్యం కోసం పెట్టుకున్న మాటేనని గుర్తు చేయడానికి ఉన్నాయనుకోండి.

ఒంకర ఉంగరాల్ని విప్పేసి, ఆరు ఈనెల్నీ 13.9కి విరిచి మళ్లీ కట్టింది. మిరపకాయల్ని ఎక్కడ పక్కపక్కన పెట్టినా ఒకటే ఉంగరం.

అయితే తెలివైన పిల్ల కాబట్టి అక్కడితో ఆగలేదు. "మరి బాగా స్పీడుగా మారుతుంటే ఫొటోలో అన్నీ సమానంగానే పడతాయి కదా, ఫ్యాను రెక్కలు కనపడనట్టు?" అవును, పొడవులు ఒక్కటే చూస్తే కెకూలె ఊగుడును కొట్టిపారేయలేం. దాన్ని కొట్టిపారేసేది వేడి లెక్క. ఇది పుస్తకంలో నాలుగు లైన్లలో పోతుంది, నా లెక్కన చాప్టర్ మొత్తానికి గుండెకాయ ఇదే.

ఆరు కార్బన్ల ఉంగరం, అందులో ఒకే ఒక్క డబుల్ బాండ్. దాని పేరు సైక్లోహెక్సీన్. దానికి హైడ్రోజన్ ఎక్కించి సైక్లోహెక్సేన్ చేస్తే మోలుకు (అణువుల్ని గుంపుగా లెక్కపెట్టే కొలత అది) సుమారు 120 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. రెండు డబుల్ బాండ్లున్న ఉంగరానికి ఎక్కిస్తే సుమారు 232, దాదాపు రెట్టింపు, న్యాయంగానే ఉంది. మూడు డబుల్ బాండ్లుంటే 360 రావాలి. బెంజీన్‌కు ఎక్కిస్తే వచ్చేది 208. మళ్లీ చదవండి, మూడు డబుల్ బాండ్లున్నాయని మనం బొమ్మ గీస్తున్న పదార్థం రెండున్నదానికంటే తక్కువ వేడి ఇస్తోంది. మూడింటికీ చివరికి చేరేది ఒకే నేల, సైక్లోహెక్సేన్. మూడో అంతస్తులో ఉందనుకున్నది రెండో అంతస్తుకంటే కిందనే కూర్చుని ఉందన్నమాట. బెంజీన్‌కు మొదటి జత హైడ్రోజన్ ఎక్కించడానికి మనమే ఎదురు 24 కిలోజౌళ్లు పెట్టుకోవాలి, 232లోంచి 208 తీసేస్తే మిగిలేది అదే.

ఇప్పుడు ఫ్యాను రెక్కల సంగతి చూడండి. ఈ బొమ్మ నుంచి ఆ బొమ్మకు ఊరికే మారుతూ ఉంటే, ఏ క్షణంలో పట్టుకున్నా అందులో మూడు డబుల్ బాండ్లు ఉండాల్సిందే. రెండు బొమ్మలదీ ఒకటే ఎత్తు, 360. ఎంత స్పీడుగా మారినా ఎత్తు తగ్గదు. కానీ బెంజీన్ దాదాపు 150 కిలోజౌళ్లు కిందుంది. కాబట్టి అది మొదటి బొమ్మా కాదు, రెండో బొమ్మా కాదు, రెండింటి మధ్య పరుగూ కాదు, రెండింటికంటే కిందున్న మూడో వస్తువు. ఈ 150నే రెజొనెన్స్ శక్తి అంటారు. ఒక చిన్న మెలిక గుర్తుంచుకోవాలి, ఇది లోకంలో లేని ఒక ఊహా అణువుతో పోల్చి తీసిన అంకె, అందుకే ఒక్కో పుస్తకంలో అటూ ఇటూగా ఉంటుంది.

ఎందుకు కిందుంది? కార్బన్‌కు బయటి ఎలక్ట్రాన్లు నాలుగు. మూడింటిని అటు పక్క కార్బన్‌కు, ఇటు పక్క కార్బన్‌కు, బయటికి చూసే హైడ్రోజన్‌కు ఇచ్చి సిగ్మా బంధాలు కట్టుకుంటుంది. ఎస్‌పీ2 సంకరీకరణం, 120 డిగ్రీల కోణాలు అని పుస్తకం చెప్పేది దీన్నే. మొత్తం 12 సిగ్మా బంధాలు, ఆరు ఉంగరంలో, ఆరు హైడ్రోజన్లకు. ప్రతి కార్బన్ దగ్గరా ఒక్కో ఎలక్ట్రాన్ మిగిలింది, ఎలక్ట్రాన్ తిరిగే చోటును ఆర్బిటాల్ అంటారు, ఇది ఉంగరం తలానికి నిలువుగా లేచిన పి-ఆర్బిటాల్‌లో. ఆ ఆరు ఆర్బిటాళ్లూ పక్కదానితో పక్కది సమానంగా కలిసిపోతే తలానికి పైన ఒక ఎలక్ట్రాన్ మేఘం, కింద ఒక మేఘం ఏర్పడతాయి. ఆకారం కావాలంటే గారె. పైన ఒక గారె, కింద ఒక గారె, మధ్యలో పల్చటి కార్బన్ల చట్రం. ఆరు ఎలక్ట్రాన్లూ ఆ గారెల మొత్తానివి.

"ఏ పక్కనుంటాయి" అన్న అసలు ప్రశ్నకు ఇక్కడికి వచ్చాక పొలం దారి పట్టాం. ఆరు మడులు గుండ్రంగా ఉన్నాయనుకో, మడి మడికీ మధ్య గట్టు, ఒక్కో మడిలో ఒక్కో బిందె నీళ్లు. ఒక గట్టు విడిచి ఒక గట్టు తెంచితే నీళ్లు రెండేసి మడుల జతలుగా నిలుస్తాయి, అది కెకూలె మొదటి బొమ్మ. మిగతా మూడు గట్లు తెంచి వీటిని కడితే రెండో బొమ్మ. ఆరు గట్లూ తెంచేస్తే? నీళ్లు ఒకే పలకగా సర్దుకుంటాయి. ఇప్పుడు ఈ నీళ్లు ఏ రెండు మడులవి అని అడిగితే ఆ ప్రశ్నే నిలబడదు. ఈ పోలికలో లోటు కూడా చెప్పాలి: నీళ్లు పరుచుకుంటే ఒరిగేదేమీ లేదు, ఎలక్ట్రాన్‌కు మాత్రం ఉంది. ఇరుకు చోట బిగిస్తే ఎలక్ట్రాన్ శక్తి పెరుగుతుంది, తిరిగే చోటు విశాలమైతే తగ్గుతుంది, ఇది క్వాంటం సూత్రం. రెండు కార్బన్ల మధ్య ఇరుక్కోకుండా ఆరింటి మీదా పరుచుకోవడంలోనే ఆ లాభమంతా ఉంది.

ఇక రెజొనెన్స్ అనే మాట. 1930ల్లో పౌలింగ్ అనే అమెరికా కెమిస్టు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పేరులోనే ఏదో మోగుతున్నట్టు, ఊగుతున్నట్టు ఉంటుంది, పైగా రెండు బొమ్మల మధ్య రెండు తలల బాణం ↔ ఒకటి. రసాయన సమతాస్థితికి వేసే జంట బాణాలు ⇌ వేరు, ఇది వేరు. జంట బాణాలంటే ఇది అదవుతోంది, అది ఇదవుతోంది అని. రెండు తలల బాణానికి అర్థం, అసలు వస్తువు ఈ రెండు బొమ్మల్లో దేనికీ పూర్తిగా అందదు, రెండూ కలిపి చూసుకో అని మాత్రమే. దీనికి పుస్తకాల్లో కంచర గాడిద పోలిక ఇస్తారు, గుర్రానికీ గాడిదకీ పుట్టినది కాసేపు గుర్రంగా కాసేపు గాడిదగా ఉండదు అని. నాకు అంతకంటే మా ఊరే నచ్చుతుంది. కందుకూరోళ్లం నెల్లూరు పోతే "మీది ఒంగోలు యాసే" అంటారు, ఒంగోలు పోతే "నెల్లూరోళ్లా?" అంటారు. అంటే మేం పొద్దున నెల్లూరు యాస, సాయంత్రం ఒంగోలు యాస మాట్లాడతామనా? మాది ఒకటే యాస, ఎప్పుడూ అదే. దాన్ని బయటివాళ్లకు చెప్పాలంటే ఆ రెండు ఊళ్ల పేర్లు తప్ప వేరే దారి లేదు, అంతే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో వేశారు, మర్నాడు పొద్దున ఎవరి యాసా మారలేదు.

అయితే ఉంగరమైతే చాలు, ఒకటి విడిచి ఒకటి డబుల్ బాండ్లుంటే చాలు, ఇట్లా నిమ్మళంగా ఉంటుందా అంటే ఉండదు. నాలుగు కార్బన్ల ఉంగరం సైక్లోబ్యూటాడైయీన్ మామూలు వాతావరణంలో నిలవనే నిలవదు. ఎనిమిది కార్బన్ల ఉంగరం సైక్లోఆక్టాటెట్రయీన్‌ను 1911లో విల్‌స్టాటర్ తయారుచేస్తే అది బెంజీన్‌లా కాకుండా మామూలు ఆల్కీన్‌లా బ్రోమిన్‌ను కలుపుకుంది, ఆకారం కూడా బల్లపరుపు కాదు, తొట్టిలా మడత. ఆరులో ఏముంది మహిమ? 1931లో హుకెల్ లెక్క వేసి చెప్పాడు, దాన్ని ఇట్లా ఊహించుకోండి. గుండ్రటి అణువుల్లో ఈ ఎలక్ట్రాన్లుండే ఇంటికి కింద ఒకే గది, ఆ పైన ప్రతి అంతస్తులో రెండేసి గదులు. గదికి ఇద్దరు. కింది అంతస్తు నిండాలంటే 2, దాని పైది కూడా నిండాలంటే 6, ఆపైన 10, ఆపైన 14. పిల్లలు బట్టీ పట్టే 4ఎన్+2 సూత్రం ఈ గదుల లెక్కే. ఆరుగురికి రెండు అంతస్తులూ నిండుతాయి, ఎవరికీ లోటు లేదు. నలుగురొస్తే కింద ఇద్దరు పోగా పై రెండు గదుల్లో ఒక్కొక్కరు ఒంటరిగా మిగులుతారు, ఒంటరి ఎలక్ట్రాన్ ఎప్పుడూ గొడవే. ఎనిమిది మందికీ అదే కథ, అందుకే ఆ అణువు బల్లపరుపుగా ఉండడం మానేసి మడతపడి తప్పించుకుంది.

బెంజీన్ అసలు దేనితోనూ కలవదని కాదు. ఫెర్రిక్ బ్రోమైడ్ తోడు పెడితే బ్రోమిన్‌తో కలుస్తుంది, కానీ కలుపుకోవడం కాదు, మార్చుకోవడం. ఒక హైడ్రోజన్‌ను వదిలి దాని చోట ఒక బ్రోమిన్‌ను తీసుకుంటుంది, బ్రోమోబెంజీన్, పక్కన హైడ్రోజన్ బ్రోమైడ్. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చూసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది, అక్కడ ఒక రొట్టె ఇచ్చి ఒక రొట్టె పుచ్చుకుంటారు, చేతిలో రొట్టెల లెక్క మారదు. మధ్యలో ఒక క్షణం బ్రోమిన్, హైడ్రోజన్ రెండూ ఒకే కార్బన్ మీద ఉంటాయి, ఆ క్షణం ఉంగరం తెగినట్టే, గారె విరిగినట్టే. అందుకే వెంటనే హైడ్రోజన్‌ను వదిలేసి ఆ 150 కిలోజౌళ్ల సుఖాన్ని మళ్లీ దక్కించుకుంటుంది.

మరి ఆ సున్నా బొమ్మ ఎవరిది? 1925లో ఆర్మిట్, రాబిన్సన్ అనే ఇద్దరు ఆరు ఎలక్ట్రాన్ల గుంపుకు గుర్తుగా షట్కోణంలో సున్నా పెట్టారు, ఫారడే ద్రవానికి సరిగ్గా వందేళ్లకు. ఎలక్ట్రాన్లు ఉంగరమంతా పరుచుకున్నాయని చెప్పడానికి అది మంచి బొమ్మ. కానీ రియాక్షన్‌లో ఏ ఎలక్ట్రాన్ల జత ఎటు పోతోందో బాణాలు వేసి చూపాలంటే సున్నాతో లెక్క తెగదు, అందుకే పెద్ద పెద్ద కెమిస్టులు కూడా ఇప్పటికీ కెకూలె బొమ్మే వేస్తారు, అది తప్పని తెలిసి కూడా.

"ఒక్క సున్నాకు ఆరు ఎలక్ట్రాన్లయితే..." అంటూ పిల్ల లేచి బీరువా దగ్గరికి పోయి పట్టు చీరల మడతల్లోంచి కలరా ఉండ ఒకటి తెచ్చింది. నాఫ్తలీన్, రెండు బెంజీన్ ఉంగరాలు ఒక భుజం పంచుకున్నది. కార్బన్లు పది కాబట్టి ఎలక్ట్రాన్లు పదే, రెండు సున్నాలు వేస్తే పన్నెండని అర్థమొస్తుంది. సున్నా ఇక్కడ పనికిరాదు. కెకూలె పద్ధతిలో ఎన్ని బొమ్మలొస్తాయో వేయమన్నాను. పావుగంటలో మూడు వేసింది, నాలుగోదాని కోసం ఇంకో పావుగంట వెతికి మానేసింది. తర్వాత నేనేమీ చెప్పకుండానే ఒక్కో భుజం మీద వేలు పెట్టి మూడు బొమ్మల్లో అది ఎన్నిట్లో డబుల్ అవుతుందో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటో కార్బన్‌కూ రెండో కార్బన్‌కూ మధ్య, రెండిట్లో. రెండుకూ మూడుకూ మధ్య, ఒక్కదాంట్లో. "అయితే ఒకటీ రెండూ మధ్యది పొట్టిగా, రెండూ మూడూ మధ్యది పొడుగ్గా ఉండాలి మామా. ఉంటాయా?"

ఉంటాయి. సుమారు 137, 142.

ఆ మాట చెప్పేసరికి స్కేలు తీసుకుని ఈనెలు విరవడం మొదలుపెట్టింది. మొత్తం 11 పుల్లలు కావాలి. కింద నుంచి అమ్మ కేక, మిగిలిన శనగలన్నా దింపండి, తాలింపు మాడిపోతోందని.